ఒక్క పంట అయ్యేదాకా

"ఒక్క పంట" అన్న మాట వింటే నాకిప్పటికీ ఒళ్ళు మండుతుంది. వరి పంటా కాదు, చెరుకు పంటా కాదు, పట్టుపురుగుల పంట. గుడ్లు పగిలి పురుగు బయటికొచ్చిన నాటి నుంచి గూడు కట్టేదాకా ఇంచుమించు నెల పడుతుంది. పుంగనూరు పక్కన మా పల్లెలో కాలాన్ని ఆ పంటలతోనే కొలిచేవాళ్ళు. పెళ్ళిచూపులైనా, పుచ్చిన పన్ను పీకించుకోవడమైనా "ఈ పంట అయినాక సూద్దాం" అనేవాళ్ళు. ఆ పంట అయ్యేసరికి తరవాతి పంట గుడ్లు ఇంట్లోకి వచ్చేసి ఉండేవి. పన్ను దానంతటదే ఊడిపోయేది.

నన్ను కుప్పంలో మా అమ్మమ్మ దగ్గర వదిలింది కూడా ఒక్క పంటకే. డెబ్బైల మొదట్లో మాట. అప్పుడు నాకు అయిదేళ్ళు. ఆమెను అవ్వా అని పిలిచేదాన్ని.

అంతటికీ కారణం నా తలలో పేలు. మా ఇల్లంతా ఒకటే గది. గోడవార నేల నుంచి దూలం దాకా పురుగుల తట్టలు, మిగిలిన జాగాలో మేం. ఎదురింటి పెద్దమ్మ నా గోకుడు చూసి జాలిపడి, నల్లులకు చల్లే మందుపొడి నా నెత్తికి పట్టించి గుడ్డ కట్టింది. నేను ఆ తల గోక్కుంటూనే ఇంటికి పోయి, అమ్మకు సాయం చేద్దామని అదే చేతుల్తో తట్టల్లో ఆకు చల్లాను. పేలు చచ్చాయి. పురుగులూ చచ్చాయి, పచ్చగా కక్కుకుని. పెరిగేటప్పుడు పట్టుపురుగు నాలుగుసార్లు మేత మాని తలెత్తుకుని నిద్రపోతుంది. దాన్ని జ్వరం అంటారు. నాలుగో జ్వరం కూడా దాటి ఇంకో వారంలో గూడు కట్టాల్సిన పురుగు అది. ఇందులో నా తప్పేమిటో నాకు ఇప్పటికీ తెలియదు. పొడి రాసిన పెద్దమ్మను ఎవరూ పల్లెత్తు మాట అనలేదు. ఆమె మా నాయనకు వరసకు వదిన, పైగా నోరున్న మనిషి.

"ఈ పాప తలకాయ నిండా మందే. పురుగుండే ఇంట్లో దీన్ని పెట్టుకోలేం" అన్నాడు నాయన.

"ఒక్క పంట అయ్యేదాకా మా యమ్మ కాడ ఉండనీలే" అంది అమ్మ.

కుప్పంలో అవ్వ ఇల్లు రైలు కట్టకు దగ్గర. అవ్వ పగలంతా శెనక్కాయలు ఒలిచే పనికి పోయేది. నేను రైలు కట్ట మీదికి పోతానని భయం ఆమెకు. అందుకని నాకింత సంగటి పెట్టి, నన్ను లోపలే ఉంచి, వాకిలికి బయట గొళ్ళెం వేసి పోయేది. వెనక చిన్న పెరడు, దాని చుట్టూ మట్టిగోడ. గోడకవతల రైళ్ళు కూతపెట్టుకుంటూ పోయేవి. పక్కింట్లో అరవంలో పోట్లాడుకునేవాళ్ళు. ఎవరు ఎవరిని ఎందుకు తిడుతున్నారో తెలిసినా కొంత కాలక్షేపం అయ్యేది, అదీ తెలియదు.

గోడ నీడ బట్టలుతికే రాయిని తాకితే అవ్వ వచ్చే వేళయినట్టు. నేను ఆ రాయి మీద కూర్చుని నీడనే చూసేదాన్ని. చూస్తుంటే అది కదలదు. చూడడం మానేద్దామంటే చూడ్డానికి ఇంకేమీ లేదు. ఆ పెరట్లో ఒక మధ్యాహ్నం ఎంత పొడుగుండేదో నేను ఎవరికీ చెప్పలేకపోయాను. చెబితే మాత్రం ఎవరికర్థమవుతుంది? "అమ్మ ఎప్పుడొస్తాది?" అని అడిగితే అవ్వ "కన్ను మూసి తెరిసేలోపల వస్తాది" అనేది. నేను కన్ను మూసి తెరిచి చూసేదాన్ని. గోడ అక్కడే ఉండేది.

పంట అయింది. అమ్మ వచ్చింది. నా గౌన్లన్నీ నేనే సంచిలో కుక్కుకుని, ఆ సంచి మీదే తల పెట్టుకుని పడుకున్నాను. పొద్దున అమ్మ నా తల దువ్వి "ఒక్క పేను గూడా లేదే!" అని మురిసిపోయింది. తరవాత మెల్లగా చెప్పింది.

"గుడ్లు మల్లా వచ్చేసినాయి అమ్మణ్ణీ. ఈ ఒక్క పంట."

ఆ ఒక్క పంట తరవాత ఇంకో ఒక్క పంట. నన్ను కుప్పంలోనే బడిలో వేశారు. ఏడాదికి మూడు నాలుగుసార్లు అమ్మ బొరుగులు మూటగట్టుకుని వచ్చేది. వచ్చిన ప్రతిసారీ ఒకటే మాట. "అబ్బా, గౌను అప్పుడే పొట్టైపోయిందే! మొన్నే గదా కుట్టిస్తిని!" ఆ 'మొన్నే' వింటే నాకు అరికాలి మంట నెత్తికెక్కేది. ఆమె మొన్నకూ నా ఇవాళ్టికీ మధ్య నాకు ముందరి పళ్ళు ఊడి కొత్తవి వచ్చాయి. అక్షరాలు వచ్చాయి, వాటి కంటే ముందే అరవంలో తిట్లు వచ్చాయి. ఒకరోజు అమ్మ ముఖం మీద పుట్టుమచ్చ ఏ పక్కనుందో ఎంత తలుచుకున్నా గుర్తుకురాలేదు. ఆ రోజు ఏడ్చినంత ఏడుపు నేను మళ్ళీ ఎప్పుడూ ఏడవలేదు. అవ్వయితే మరీ విడ్డూరం. నేను పుట్టకముందే పోయిన తాతను గురించి "మొన్న వానలకు పాయె" అనేది. పెద్దవాళ్ళందరూ కూడబలుక్కుని నాతో అబద్ధాలాడుతున్నారని అనుకున్నాను.

చివరికి పల్లెలో పురుగులకు వేరే షెడ్డు కట్టాక నన్ను తీసుకుపోయారు. అప్పటికి నాకు తొమ్మిదేళ్ళు. ఎందుకో ఇంట్లో చుట్టపుచూపుకు వచ్చినట్టే ఉండేది. మంచినీళ్ళు కావాలన్నా అడిగి తాగేదాన్ని. "వచ్చేస్తివి గదా, ఇంకా యాల ముఖం అట్ల పెట్టుకుంటావు?" అనేది అమ్మ.

పురుగులున్న ఇంటికి మాత్రం కోడలిగా పోనని ఒట్టు పెట్టుకున్నాను. నా ఒట్టు ఎవరికి కావాలి? ఎనభైలు మొదలవుతూనే మదనపల్లె శివార్లలో, నాలుగెకరాల మల్బరీ తోట ఉన్న ఇంటికే ఇచ్చారు. ఏ రాయైతేనేం పళ్ళూడగొట్టుకోవడానికి.

పురుగు పెంచే ఇంట్లో పురుగుదే పెత్తనం. దాని ఆకలి వేళకు మనం లేవాలి, దాని నిద్ర వేళకు నోరు మూసుకోవాలి. బయటివాళ్ళు లోపలికి రాకూడదు, మనం ఇంకో ఇంటికి పోకూడదు, పోతే ఏ అంటు తెస్తామోనని భయం. తాలింపు ఘాటు తగలకూడదు, తలలో పూలు పెట్టుకోకూడదు. ఆకు కోయడం, ఆకు చల్లడం, రెట్ట తీయడం, మళ్ళీ ఆకు కోయడం. మదనపల్లె బజారు కూతవేటు దూరం. నెలల తరబడి నేను దాని ముఖం చూడలేదు.

అక్కడే నాకొక వింత తెలిసింది. ఒక్కో పూట గడవదు, ఏడాది మాత్రం గడిచిపోతుంది. ఇదెక్కడి లెక్కో! చిన్నప్పుడు పూటా గడవలేదు, ఏడూ గడవలేదు. అదే నయం. ఏడ్చిన ప్రతి రోజూ ఒక రోజుగా గుర్తుండేది. ఇక్కడ ఒక పంటకూ ఇంకో పంటకూ తేడా లేదు, అన్నీ కలిసి ఒకటే ముద్ద. గోడకు తగిలించిన క్యాలెండరు కిందటేడాదిదని పాలు పోసే ఆమె చెబితే తెలిసింది. నిన్నగాక మొన్న కన్నాననుకున్న నా కూతురికి అయిదేళ్ళొచ్చాయి.

అప్పుడే వచ్చిపడింది ఇబ్బంది. బిడ్డను చూసుకునే మా అత్త కలికిరిలో తన కూతురి కాన్పుకు పోయింది. ఇక్కడ పురుగు నాలుగో జ్వరం నుంచి లేచే వేళ. లేచాక వేసిన ఆకు వేసినట్టే తినేస్తుంది, నాకూ మా ఆయనకూ తల ఎత్తడానికి ఉండదు. మా తోటలో బావికి చుట్టుగోడ లేదు. ఒక మధ్యాహ్నం ఆకుమోపు దించి చూద్దును కదా, నా కూతురు బావి అంచున బోర్లా పడుకుని కప్పలను చూస్తోంది. దాన్ని ఇవతలికి లాగి వీపు వాయగొట్టాను. తరవాత ఒళ్ళో పెట్టుకుని ఇద్దరం ఏడ్చాం.

సంగతి తెలిసి పుంగనూరు నుంచి మా అమ్మ వచ్చింది. ఆమె పురుగు పెంచడం మానేసి అప్పటికి కొన్నాళ్ళయింది.

"పాపను నేను పిలుసుకోని పోతాను. ఒక్క పంట అయ్యేదాకా నా కాడ ఉండనీ."

సరే అన్నాను. నేనే అన్నాను. ఇంకేమి చెయ్యగలనో నాకు తోచలేదు.

ఆ సాయంత్రం అమ్మ కాళ్ళూ చేతులూ కడుక్కుని వచ్చాక ఇద్దరం ఆకు చల్లుతున్నాం. ఉండబట్టలేక అడిగాను. "నన్ను కుప్పంలో ఎన్నాళ్ళు పెట్టినావో గుర్తుండాదా మా?"

అమ్మ తల ఎత్తకుండానే చెప్పింది. "ఎన్నాళ్ళులే. ఒక ఏడు ఉంటాదేమో. ఏడు గూడా నిండలేదనుకుంటా."

"నాలుగేండ్లు."

"పోమే! నిన్ను నాలుగేండ్లు ఇడిసిపెట్టి ఉంటానా నేను?"

ఆమె ముఖంలోకి చూశాను. అబద్ధం లేదు. దాచుకోవడం లేదు, తప్పించుకోవడమూ లేదు. ఆమెకు నిజంగానే అది ఒక ఏడు. ఇన్నేళ్ళూ ఆమె మీద కోపం పెంచుకుంటూ వచ్చాను. తీరా పోట్లాడదామంటే ఎదురుగా మనిషే లేనట్టయింది. అంతకంటే ఎక్కువగా నా మీద నాకు భయం వేసింది. ఇప్పుడు నా చేతుల్లోనూ ఆకే ఉంది.

మరునాడు మదనపల్లె బస్టాండులో పుంగనూరు బస్సు ఎక్కించాను. అమ్మ కిటికీ పక్కన కూర్చుంది, ఆమె ఒళ్ళో నా కూతురు. అది ఏడవలేదు. కిటికీలోంచి చెయ్యి చాపి నా జడ పట్టుకుని చూసి అడిగింది.

"మా, నేను మల్లా వచ్చేలోపల నువ్వు ఈ అవ్వ మాదిరి అయిపోతావా? ఇదంతా తెల్లగా అయిపోతాదా?"

అమ్మ నవ్వింది. ముందు సీటులో వాళ్ళూ నవ్వారు. అది వేళాకోళానికి అడగలేదు. ఒక్క పంట అంటే అంత ఉంటుందనే అనుకుంటోంది. నాకు తెలుసు, అంతే ఉంటుంది.

బస్సెక్కి బిడ్డను దించేశాను.

"పిచ్చి పట్టిందా ఏమే? పురుగు లేసుండాది. దీన్ని ఎవరు సూస్తారు? బావి కాడికి పోతే?" అని అరిచింది అమ్మ.

"నా చీర దీని నడుముకు కట్టి షెడ్డు గుంజకు కట్టేసుకుంటాను. నా కండ్ల ముందరే ఉంటాది."

"బిడ్డను గొడ్డు మాదిరి కట్టేస్తావా?"

"కట్టేస్తాను" అన్నాను. అంతకంటే మంచి దారి నాకు లేదు. ఆమెకూ అప్పుడు లేకపోయి ఉంటుందని మొదటిసారి అనిపించింది. అయినా బిడ్డను తిరిగి ఇవ్వలేదు.

అమ్మ తల దించుకుంది. కోపం వచ్చిందనుకున్నాను. పెదవులు మాత్రం కదులుతున్నాయి, వేళ్ళు ముడుస్తూ తెరుస్తూ ఉంది. పళ్ళూడిన ఏడు, బడిలో వేసిన ఏడు, షెడ్డు కట్టిన ఏడు అని తనలో తాను గొణుక్కుంటోంది. కండక్టరు విజిలు వేశాడు. బస్సు కదులుతుంటే ఆమె తల బయటికి పెట్టి, పాలిపోయిన ముఖంతో, బస్టాండంతా వినబడేట్టు అడిగింది.

"నిజంగానే నాలుగేండ్లా అమ్మణ్ణీ?"