డెన్మార్క్ మూగ సినిమాకి మా అమ్మ చెప్పిన కథ

మా అమ్మ నూజివీడు మామిడిరసం ఫ్యాక్టరీలో పద్దెనిమిదేళ్లు కాయలు కోసింది. గుజ్జు తీసే మిషన్లూ ఆవిరి గొట్టాలూ కలిసి చేసే మోతలో పక్కన కూర్చున్న మనిషి అరిచినా వినపడేది కాదు. అందుకని అక్కడి ఆడవాళ్లు చేతులతో మాట్లాడుకునేవారు. మణికట్టు మీద రెండు వేళ్లు ఆనిస్తే టైమెంతైందని అడిగినట్టు. లేని మీసం దువ్వితే మేస్త్రీ వస్తున్నాడని. ఒకరి కత్తి ఇంకొకరి దగ్గరికి పోతే, అరచేత్తో గుండె మీద రెండుసార్లు కొట్టుకుని కత్తి వైపు వేలు చూపించేవారు. అది నాది, ఇలా ఇవ్వు అని.

ఆ మోతే చివరికి అమ్మ చెవులు తినేసింది. నేను డిగ్రీ చదివే రోజులకి ఎవరైనా దగ్గరికొచ్చి అరిస్తే తప్ప వినపడేది కాదు. తనకి వినపడదు కాబట్టి లోకానికీ వినపడదనుకునేదో ఏమో, గుసగుస కూడా వీధి చివరిదాకా వినిపించేలా చెప్పేది. దానికి తోడు చేతులు తిప్పడం. బజారుకి వెళ్తే నేను రెండడుగులు ముందు నడిచేదాన్ని. ఈ మాట రాయాలంటే ఇప్పటికీ సిగ్గుగానే ఉంది. రాయకపోతే మిగతాదంతా రాసే అర్హత నాకు లేదు.

సినిమా అంటే ప్రాణం పెట్టే మనిషి, సినిమాలు మానేసింది.

"ఆళ్లు నోళ్లు ఆడిత్తంటారు, జనం నవ్వుతారు. మజ్జిన నేనొక్కదాన్నే దిష్టిబొమ్మలాగా కూచోవాలా?" అనేది.

ఎనభైల మధ్యలో మా ఊళ్లో చదువుకున్నవాళ్లు కొందరు కలిసి ఫిల్మ్ సొసైటీ అని పెట్టారు. కార్యదర్శి ఒక కుర్ర లాయరు. ఓ వేసవి చివర్లో ఆయన డెన్మార్క్ వాళ్ల పాత మూకీ సినిమాలు తెప్పించాడు. డెన్మార్క్ అంటే నాకు తెలిసిందల్లా స్కూలు పుస్తకంలోని పాడి ఆవులూ వెన్నా. అలాంటి దేశం మన తాతల కాలంలోనే సినిమాలు తీసి ప్రపంచమంతా పంపిందట. బెజవాడ నుంచి బస్సు టాపు మీద రేకు డబ్బాలొచ్చాయి. సినిమా మధ్యలో వచ్చే అక్షరాలన్నీ వాళ్ల భాషలోనే ఉంటాయి కాబట్టి, వాటి అర్థం ఇంగ్లీషులో టైపు చేసిన కాగితాలు కూడా వచ్చాయి. నేను అప్పట్లో ట్యుటోరియల్లో ఇంగ్లీషు చెప్పేదాన్ని. మైకు దగ్గర నిలబడి తెలుగులో కథ చెప్పమని లాయరుగారు అడిగారు. వారం రోజులు కూర్చుని పన్నెండు పేజీలు తెలుగు చేశాను. ఊళ్లో పెద్దమనుషులందరి ముందూ మైకు పట్టుకోబోతున్నానని కాళ్లు నేల మీద నిలవలేదు.

ఈలోగా ఫ్యాక్టరీలో అమ్మ పక్కన కూర్చునే చాట్రాయి నుంచి వచ్చే ఆవిడ చేతులతో అమ్మకి కబురు చెప్పేసింది. మాటల్లేని సినిమా, టికెట్టు కూడా లేదు అని.

"నేనొత్తన్నా. మన ఆడోళ్లందరం వత్తన్నాం," అంది అమ్మ.

"వెనక బెంచీలో కూర్చో. మాట్లాడొద్దు," అని చెవి దగ్గర అరిచాను. నువ్వు మా అమ్మవని ఎవరికీ చెప్పొద్దు అని నోటితో అనలేదు గానీ, మనసులో ఉన్నది అదే.

ఆదివారం మధ్యాహ్నం, కాలేజీ హాల్లో కిటికీలకి గోనె సంచులు కట్టారు. ముందు బొమ్మల సినిమా ఒకటి వేశారు. నల్ల గీతలతో గీసిన లావుపాటి పోలీసు, వాడి టోపీ ఎత్తుకుపోయే కుక్క, నాలుగే నిమిషాలు. హాలంతా ఒకేసారి నవ్వింది. అందరికంటే గట్టిగా వెనక నుంచి మా అమ్మ నవ్వు వినిపించింది. జనంతో కలిసి తను నవ్వడం విని ఎన్నేళ్లైందో. నాకు సంతోషమూ వేసింది, ఒళ్లూ మండింది.

తర్వాత పెద్ద సినిమా. రేవు పక్కన ఇల్లు, పెట్టె పట్టుకున్న కుర్రాడు, గుమ్మంలో ఏడుస్తున్న అమ్మాయి, వెనకాల ఒక ముసలాయన. నా కాగితంలో కూడా మొదట రేవు దగ్గర వీడ్కోలే ఉంది. "చేపలు పట్టడానికి సముద్రం మీదికి వెళ్తున్న అన్నని చెల్లెలు సాగనంపుతోంది" అని గొంతు సవరించుకుని చదివాను. రెండో సీనులో గుర్రాలొచ్చాయి. రేవులో సంత అన్నాను. మూడో సీనులో కుర్రాడు తాడు పట్టుకుని గాల్లో ఊగాడు. ఓడ స్తంభం ఎక్కడం నేర్చుకుంటున్నాడన్నాను. ఇంకో సినిమా కాగితాలు వచ్చాయని అప్పటికే నాకు తెలిసిపోయింది. ఆ మాట చెప్పి ఆపెయ్యొచ్చు. నా మొండితనం ఆపనిస్తేగా.

సరిగ్గా అప్పుడు వెనక బెంచీ నుంచి అమ్మ గొంతు లేచింది. నా కథ ఆవిడకి వినపడదు కదా. పక్కావిడతో గుసగుసగా చెప్తున్నాననుకుంటోంది.

"ఓసే, ఆడు దానికి అన్నేంటే! ఆ చెయ్యి ఎట్టా పట్టుకుందో చూడు. ఇద్దరికీ మనసుంది. ఆ ముసలోడే దీని మొగుడు. సర్కసు ఓనరు. ఆడు భుజం మీద చెయ్యేత్తే అది ఊపిరి కూడా తీయట్లా, చూశావా?"

ముందు వరసలో డాక్టరుగారు వెనక్కి తిరిగారు. ఎవరో కిసుక్కున నవ్వారు. మైకులో ఇంకా గట్టిగా చదివాను. హాల్లో ఇద్దరం పోటీపడి కథ చెప్తున్నాం, తేడా ఏంటంటే ఆవిడది తెర మీద జరుగుతోంది.

కాసేపటికి సర్కసు డేరా. కుర్రాడు పైకి ఎక్కుతున్నాడు. ముసలాయన కింద నిలబడి ఉంగరం తిప్పుకుంటున్నాడు, అంతే.

"అయ్యో, ఆ తాడు తెగుద్దే! ముసలోడు కుర్రోణ్ణి చూట్టంలా, తాడు కేసి చూత్తన్నాడు! ఆడే కోసుంటాడు!" అని అమ్మ అరిచింది.

తాడు తెగింది.

హాలంతా ఒక్కసారి "అబ్బా" అంది. నా చేతిలో పన్నెండు పేజీలున్నాయి. వాటిని బల్ల మీద బోర్లించి మైకు ఆపేశాను. అక్కణ్ణించి జనం తెర చూస్తూ చెవులు వెనక్కి పెట్టారు. ఎవరు ఎవరికి అబద్ధం చెప్తున్నారో, ఏ ఏడుపు నిజమో, ఏది దొంగదో, తెర మీది మనుషులు బయటపెట్టకముందే అమ్మ చెప్పేసేది. పద్దెనిమిదేళ్లు మాటలు లేకుండా ముఖాలూ చేతులూ చదివిన మనిషి. అవతల వాళ్లు డెన్మార్క్ వాళ్లైతేనేం. ఇంగ్లీషు వచ్చిన నేను ఆ హాల్లో అందరికంటే తక్కువ చూశాను. నాకు ఒళ్లంతా గర్వంతో నిండిపోయింది. అంతకుముందు నడిచిన రెండడుగులూ గుర్తొచ్చి ఏడుపూ వచ్చింది.

లైట్లు వేశారు. లాయరుగారు స్టేజీ దగ్గరికి వచ్చి అడిగారు.

"ఎవరండీ ఆవిడ? మీకు తెలుసా?"

మైకు మళ్లీ ఆన్ చేశాను.

"మా అమ్మండీ. మామిడిరసం ఫ్యాక్టరీలో కాయలు కోస్తుంది."

హాలంతా వెనక్కి తిరిగింది. అమ్మకి ఈ మాట వినపడలేదు. అంతమంది తన వైపు చూసేసరికి తప్పు చేశాననుకుని, పైట నోటికి అడ్డం పెట్టుకుని నా వైపు బిక్కముఖం వేసుకుని చూసింది. మాట్లాడొద్దని చెప్పింది నేనే కదా.

మైకు పక్కన పెట్టాను. ఆ పెద్దమనుషులందరి ముందూ అరచేత్తో గుండె మీద రెండుసార్లు కొట్టుకుని, వెనక బెంచీ వైపు వేలు చూపించాను.

అమ్మ పైట దించింది. లేచి నిలబడి, తనూ గుండె మీద రెండుసార్లు కొట్టుకుని నన్ను చూపించింది.