అమ్మ వాడిన పూల మందు

పూల రసంతో మనసు బాగవుతుందన్న మాట మొదటిసారి విన్నప్పుడు నాకు నవ్వు రాలేదు, ఒళ్ళు మండింది. దిల్‌సుఖ్‌నగర్‌లో ఇంటర్ పిల్లలకు కెమిస్ట్రీ చెప్పి బతుకుతున్నదాన్ని. పూలను నీళ్ళలో వేసి ఎండలో పెట్టి, ఆ నీళ్ళను మళ్ళీ నీళ్ళలో కలిపి, అందులోంచి కాస్త తీసి ఇంకో సీసాలో పోస్తే చివరికి మిగిలేదేమిటో బోర్డు మీద లెక్క వేసి చూపించగలను. ఏమీ మిగలదు. ఆ ఏమీ లేనిదాన్నే మా అమ్మ చేతిలో పెట్టారు.

అప్పటికి నాన్న పోయి ఏడాది కావస్తోంది. అమ్మ కొత్తపేటలో నా దగ్గరే ఉంటోంది. నిద్ర లేదు, తిండి సయించదు, పగలంతా గోడవైపు తిరిగి పడుకునేది. డాక్టర్ చూసి, ఇది మనసుకు పట్టిన జబ్బేనని మాత్రలు రాశాడు. తనంతట తాను ఆపకూడదని మరీ మరీ చెప్పాడు. కాస్త తేరుకుంటోంది అనుకుంటుండగా, రైతుబజార్లో పరిచయమైన ఒకావిడ ఈ పూల మందు సంగతి అమ్మ చెవిన వేసింది. నా భయమల్లా ఒకటే. ఈ చుక్కలు చూసుకుని ఆ మాత్రలు మానేస్తుందని. మానేస్తే మళ్ళీ గోడవైపు తిరుగుతుంది. ఈసారి ఇటు తిప్పుకోవడం నా వల్ల కాదు.

వద్దంటే వినే రకం కాదు. అందుకని మొదటిసారి నేనూ వెంట వెళ్ళాను. ఎల్బీ నగర్ మెట్రో దిగి సందులోకి నడిస్తే ఒక పాత అపార్ట్‌మెంట్, కింద టైర్ల కొట్టు. మందిచ్చే ఆవిడది నల్గొండ వైపు. యాభై దాటి ఉంటాయి. ఇంట్లో హాలే ఆవిడ గది. బోర్డు లేదు, డాక్టర్ అన్న మాట ఎక్కడా లేదు. అదీ తెలివే అనుకున్నాను. రేపు ఏదైనా అయితే పట్టుకోవడానికి ఏమీ దొరకదు.

"ఇందులో ఏముంటుందండీ?" అని అడిగాను, ప్రాక్టికల్స్‌లో వైవా అడిగే గొంతుతో.

"పూల సారం, నీళ్ళు. ఖరాబ్ గాకుండ జర బ్రాందీ కలుపుతరు," అంది ఆవిడ. ఏమీ దాచలేదు.

"మరి దీంతో మనసెలా బాగుపడుతుంది?"

"గది నేను చెప్పలేనమ్మా. కొందరికి నిమ్మళమైతది, కొందరికి కాదు. డాక్టర్ ఇచ్చిన గోలీలు మాత్రం బంద్ చేయొద్దు. ఇది వాటితోపాటే."

ఇలాంటి జవాబుకు నేను సిద్ధపడి రాలేదు. మోసం చేసేవాళ్ళు గొప్పలు చెప్పుకోవాలి కదా! చెప్పుకోనివాళ్ళు ఇంకా ముదుర్లని నాకు నేనే తేల్చుకున్నాను. బ్రాందీ మాట విని అమ్మ లేచి వచ్చేస్తుందని ఆశపడ్డాను. కార్తీకమాసంలో ఉల్లిపాయ తగిలిన గరిటెను కూడా దూరంగా పెట్టే మనిషి. కానీ కదల్లేదు. కొంగు సర్దుకుని ఇంకాస్త కుదురుగా కూర్చుంది.

"నువ్వు జర బయట కూసో బిడ్డా. అమ్మతోని మాట్లాడాలె," అంది ఆవిడ.

వరండాలో ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని తలుపు వంకే చూశాను. లోపల ఆవిడ అమ్మ దగ్గర్నించి ఏం లాగుతోందో అని నా బుర్ర ఊరుకోలేదు. నాన్న పెన్షనా, ఊళ్ళో స్థలమా? ఉన్నట్టుండి అమ్మ నవ్వు వినిపించింది. నాన్న పోయాక అమ్మ నవ్వడం అదే మొదలు. సంతోషించాల్సిందిపోయి నాకు అనుమానం రెట్టింపైంది.

అక్కణ్ణించి ఇంట్లో నాది సీఐడీ ఉద్యోగం. అమ్మ స్నానానికి వెళ్ళగానే మాత్రల షీటు తిప్పి చూసేదాన్ని. మాత్రలు వేసుకుంటూనే ఉంది. పూల మందు సీసా వెలుతురుకు ఎత్తి చూసేదాన్ని. పూటకు నాలుగు చుక్కల చొప్పున సరిగ్గా తగ్గుతోంది. సీసా అయిపోగానే ఆటో ఎక్కి ఎల్బీ నగర్ వెళ్ళొచ్చేది. వచ్చిన రోజు రెండు ముద్దలు ఎక్కువ తినేది. గోంగూర తెమ్మనేది, నా వంటకు వంకలు పెట్టేది. డాక్టర్ మాత్రలు పనిచేస్తున్నాయన్నాడు. నేనూ అందరితో అదే అన్నాను. కానీ ఒకరోజు స్టాఫ్ రూమ్‌లో కూర్చుని, నా కోపానికి కూడా ఏదైనా పువ్వు ఉంటుందేమో అనుకుంటూ నాకు నేనే దొరికిపోయాను. సిగ్గేసింది.

ఆ తర్వాత కొద్దిరోజులకే ఒక పొద్దున క్లాసు లేదంటే మధ్యలోనే ఇంటికి వచ్చేశాను. బాల్కనీలో అమ్మ వంగి నిలబడి ఉంది. చేతిలో పూల మందు సీసా, అడుగున కాస్తే మిగిలింది. జాగ్రత్తగా, పెదాలతో లెక్కపెట్టుకుంటూ, కరివేపాకు కుండీలో చుక్కలు వేస్తోంది.

"అమ్మా, ఏం చేస్తున్నావ్?"

అమ్మ తడబడలేదు. "కనపడట్లా? తీర్థం పుచ్చుకునే నోట్లో బ్రాందీ పోసుకోమంటావా? మొదటి రోజు నుంచీ ఇంతే. ఒక్క చుక్క నాలిక మీద పడితే ఒట్టు."

నవ్వాగలేదు నాకు. ఇన్నాళ్ళ నా లెక్క నిజమైనట్టు గర్వం కూడా. "మరి సీసా అంతా ఒకేసారి పారబోయొచ్చుగా? ఈ చుక్కల లెక్కేంటి?"

"ముందే అయిపోతే ఆవిడకు అనుమానం రాదూ? అసలు అవ్వకపోతే మళ్ళీ రమ్మనదు."

"తాగని మందు కోసం మళ్ళీ వెళ్ళడమెందుకు?"

"మాట్లాడొస్తా. ఆవిడ అడుగుతుంది, నేను చెప్తా."

"ఏం చెప్తావు?"

"మీ నాన్న సంగతులు. పెళ్ళిలో అలిగి పెరట్లో కూర్చున్నది, నేను బస్సు తప్పిపోతే ఊరంతా వెతికింది, ఆఖర్న ఆయన దవడ పట్టుకుని నేను నీళ్ళు తాగించింది. అన్నీ."

"అవి నాతో చెప్పకూడదా?"

అమ్మ సీసాకు మూత బిగించింది. "నీతోనా? ఆయన ఊసెత్తితే చాలు, మాత్ర వేసుకున్నావా అని అడుగుతావు."

నా నవ్వు ఆగిపోయింది. నాన్న మాట వస్తే అమ్మ మళ్ళీ పడిపోతుందని నాకు భయం. నేనూ ఏడుస్తానేమోనని ఇంకా భయం. గడప మీదే చతికిలబడి, "ఇప్పుడు చెప్పమ్మా. వింటాను," అన్నాను.

అమ్మ నా తల నిమిరింది. "ఇప్పుడెక్కడే? ఆవిడ ఎదురుచూస్తూ ఉంటుంది. ఆటో పిలువు. నువ్వు రానక్కర్లేదులే, దారి నాకు తెలుసుగా," అంది.

ఆటో పిలిచాను. అది మలుపు తిరిగేదాకా కిందే నిలబడి, పైకి వచ్చి తలుపు వేసుకుని ఏడ్చాను.