పిడికిట్లో బెల్లం ముక్క
మార్కాపురంలో గిద్దలూరు బస్సెక్కితే, నా పక్క సీట్లో ఒక అక్క, పదేళ్ల కూతురు కూర్చుని ఉన్నారు. అక్క ఉన్నట్టుండి తల వాల్చేస్తోంది. మళ్లీ లేచి, "నోట్లో పెట్టు బంగారూ" అంటోంది. పిల్లేమో పిడికిట్లో బెల్లం ముక్క పట్టుకుని కిటికీలోంచి మేకల్ని చూస్తోంది.

నేనూరుకుంటానా? "ఏందక్కా ఈ ఆట?" అని అడిగేశాను.

"నాకు షుగర్ చెల్లీ. సూది ఏసుకున్నాక ఒక్కోసారి బాగా దిగిపోయి తూలిపోతా. ఇంట్లో మేమిద్దరమే. దీనికి మాటలు రావు, ఎవర్నీ పిలవలేదు. అందుకే నేర్పిస్తాండా. చెప్తేనే పెడ్తాది. నేను పడిపోతే చెప్పేదెవరు?"

తర్లుపాడు దాటాక నిద్రపట్టి నా తల వాలిపోయింది. పెదవులకేదో తియ్యగా తగిలింది. కళ్లు తెరిస్తే ఆ పిల్ల నా నోట్లో బెల్లం కుక్కుతోంది.

నేను పకపకా నవ్వాను. అక్క నవ్వలేదు. నా చెయ్యి గట్టిగా పట్టుకుని, "నేను చెప్పలేదు చెల్లీ. అదే పెట్టింది" అంది.