పసుపులో ముంచిన గుడ్డ

శృంగవరపుకోటలో పురాణం చెప్పుకు బతికే ఇంట పుట్టి హెలికాప్టరు నడపడానికి పోయినవాడు వేంకటాచలం ఒక్కడే. ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అని తండ్రి రెండేళ్ళు మాట్లాడడం మానేశాడు. తల్లి చూడామణమ్మ మాత్రం కొడుకు మొదటి యూనిఫారం తెచ్చుకున్న రోజున కాలరు మీద పసుపు రాసిగానీ తొడుక్కోనివ్వలేదు. పసుపు తగలని కొత్తబట్ట ఒంటి మీదికి రాకూడదని ఆవిడ శాస్త్రం. ఆ మరక చూసి పైఅధికారి అతన్ని కడిగిపారేశాడు. సెలవుకి వచ్చినప్పుడు ఆ మాట చెబితే, "ఆయనకి తల్లి లేదా?" అని మాత్రం అడిగిందావిడ.

సైన్యం వదిలి వచ్చాక, చేల మీద పురుగులమందు కొట్టే కంపెనీ ఒకటి అతనికి ఉద్యోగం ఇచ్చింది. చిన్న హెలికాప్టరు. ముందర గాజుబుడ్డి, పక్కపక్కన రెండు సీట్లు, కింద మందు తొట్టె. నాగావళి నుంచి వంశధార దాకా రైతులు దాన్ని మందు ఇమానం అన్నారు. అరవై ఎనిమిది ఆశ్వయుజంలో వంశధార గట్లు తెగి ఊళ్ళు నీటిలో చిక్కుకున్నప్పుడు, ఆ పేరు నిజమైపోయింది. కలెక్టరు కోరితే కంపెనీ సరేనంది. తొట్టె విప్పి, పక్కన మనిషి పడుకునేటంత పడక కట్టారు. పురుగులమందు మోసిన యంత్రం రోగుల్ని మోయడం మొదలుపెట్టింది.

చిక్కల్లా ఊరు గుర్తుపట్టడమే. పై నుంచి చూస్తే అన్నీ నీటి నడుమ మట్టిదిబ్బలు. ప్రతి దిబ్బ మీదా జనం, ప్రతివాడూ చేతులు ఊపేవాడే. అన్నం పొట్లాల కోసం ఊపుతున్నదెవరో, మనిషి ప్రాణం పోతోందని ఊపుతున్నదెవరో తెలిసేది కాదు. అందుకని వేంకటాచలమే కూర్చుని ఒక కాగితం రాశాడు: "ఆసుపత్రికి చేర్చవలసిన మనిషి ఉన్న ఊళ్ళో కల్లం మీద తెల్లగుడ్డ పరవవలెను." పడవల మీద ఊరూరికీ పంపించారు. మొదటి రెండు రోజులూ కల్లాల మీద చింపి పరిచిన పాత పంచెలు కనబడి పని జరిగిపోయింది. తన తెలివికి తనే మురిసిపోయాడు.

మూడో రోజు పొద్దున్న గెడ్డవలస నుంచి దాలయ్య అనే నడివయసు మనిషి తాటిదోనె మీద వరద దాటి పట్నంలో హెలికాప్టరు నిలిపే మైదానానికి చేరాడు.

"అసిరమ్మ కోడలు తవిటమ్మకి నిన్నటి నించి నొప్పులు బాబూ. బిడ్డ అడ్డం తిరిగీసినాదట. మంత్రసాని సేతులెత్తీసినాది. తమరు రావాల."

"గుడ్డ పరిచారా?"

"పరవమని అసిరమ్మకి సెప్పే వొచ్చినాను."

ఉన్నవి రెండే సీట్లు. రెండోదాంట్లో నర్సుని కూర్చోబెట్టుకుని, దాలయ్యని మైదానంలోనే వదిలి వేంకటాచలం లేచాడు. గెడ్డవలస ఉండవలసిన చోట మూడుసార్లు తిరిగాడు. చేతులు ఊపే దిబ్బలు అయిదు కనిపించాయి, తెల్లగుడ్డ ఒక్కచోటా లేదు. పెట్రోలు అయిపోవచ్చింది. వెనక్కి తిరిగి వచ్చి, "ఊరే కనబడలేదు" అన్నాడు దాలయ్యతో. పెట్రోలు పోసుకుని, ఈసారి నర్సుని దింపి అతన్నే ఎక్కించుకున్నాడు.

దాలయ్య చాలాసేపు కళ్ళు మూసుకునే కూర్చున్నాడు. తెరిచాక వేలు పెట్టి చూపించాడు. "అదే బాబూ మా కల్లం. గడ్డి పరిసినారు సూడండి."

పొద్దున్న తను మూడుసార్లూ దాని మీదుగానే పోయాడు.

దిగి చూస్తే తడిసిన గడ్డి మీద నాలుగు మూలలా రాళ్ళు పెట్టి ఒక కొత్త పంచె పరిచి ఉంది. ఆ చివరి నుంచి ఈ చివరి దాకా పసుపు, గడ్డి రంగులో కలిసిపోయి. అమ్మ కాలరుకి రాసిన పసుపే.

అసిరమ్మ గుమ్మంలో కూర్చుని ఉంది. లోపల ఆడవాళ్ళ ఏడుపు వినబడుతోంది.

"గంటయినాది బాబూ, పేనం పోయి" అంది. తరవాత అతని మొహంలోకి చూసింది. "ఒక్క మాట సెప్పు. తెల్లగుడ్డ అని రాసినారు. పురిటి మనిసి ఇంటి ముందల తెల్లగుడ్డేటి, పీనుగ్గుడ్డలాగని నానే పసుపునీల్లల్లో ముంచినాను. నీ ఇమానం బురదలో దిగబడిపోద్దని గడ్డి కూడా పరిపించినాను. కనబడనేదేటి?"

ఆవిడ అడుగుతున్నదేమిటో అతనికి తెలిసింది. కనబడలేదంటే, కోడల్ని తన చేతులతోనే చంపుకున్నానని బతికినన్నాళ్ళూ కుమిలిపోతుంది. తెలుపు అని రాసింది తను. పసుపు తగలని కొత్తగుడ్డ ఈ దేశంలో ఏ తల్లీ పరవదని తెలిసి ఉండీ రాశాడు.

"కనబడిందమ్మా" అన్నాడు. "మొదటిసారే కనబడింది. ఇంజను మొరాయించింది. దిగితే మళ్ళీ లేవదేమోనని వెనక్కి పోయాను."

దాలయ్య చటుక్కున తలెత్తి అతనికేసి చూశాడు. తల దించుకుని గడ్డి మీద రాళ్ళు తీయడం మొదలుపెట్టాడు.

"అంటే నీకు బయవేసినాది."

"అవునమ్మా."

"ఎల్లిపో బాబూ. నీ మొకం నాను సూడనేను."

ఆ సాయంత్రమే కాగితం మార్చి రాశాడు, ఎర్రచీర పరవమని. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం. పిరికి పైలట్ అన్న పేరు వరద తీయకముందే ఊళ్ళన్నీ చుట్టింది. కంపెనీ అడిగితే ఇంజను మాటే చెప్పి చీవాట్లు తిన్నాడు. తల్లికి మాత్రం నిజం చెప్పాడు. "నన్నడిగి రాయవలసింది నాయనా" అందావిడ.

మరుసటేడు వరికి దోమపోటు తగిలితే గెడ్డవలస చేలకి మందు కొట్టడానికి వెళ్ళాడు. హద్దు తెలిసేలా గట్టు మీద జెండా పట్టుకు నిలబడ్డవాడు దాలయ్య. ఊరు కనబడలేదన్న మాట ఏడాదిగా ఆ మనిషి ఎవరి దగ్గరా విప్పలేదు. కల్లం దగ్గర నిలబడ్డ అసిరమ్మ చప్పుడు విని తల ఎత్తింది, వంగి మట్టిబెడ్డ తీసి పైకి విసిరింది. అది సగం దూరం కూడా రాకుండా మడిలో పడింది. తనదాకా వస్తే బాగుండుననిపించింది వేంకటాచలానికి. ఆ మడి వదిలెయ్యమన్నట్టు దాలయ్య జెండా దించబోతుంటే, వద్దని చెయ్యి ఊపి, ఆవిడ మడికి ఈ చివరి నుంచి ఆ చివరి దాకా మందు కొట్టి వెళ్ళాడు.