రెక్కల తల్లికి పసుపు

మొన్న మా పెదనాన్న కొడుకు ఫోన్లో ఒక ఫోటో పంపాడు. కర్నూలులో తెల్లదొరల సమాధుల తోటను శుభ్రం చేశారట. ముళ్లకంప కొట్టేసి, బాట వేసి, గేటుకు రంగు కూడా పూశారు. ఫోటో మధ్యలో రెక్కలున్న రాతి బొమ్మ ఒకటి తెల్లగా, తల వంచుకుని నిలబడి ఉంది. ఎవరబ్బా ఈమె అని చాలాసేపు చూశాను. కింద వాడు "మన రెక్కల తల్లి" అని రాశాడు, అప్పటికి గానీ నాకు తెలియలేదు. నేనెరిగిన రెక్కల తల్లి ముఖం పచ్చగా ఉండేది. నుదుట రూపాయి బిళ్లంత కుంకుమ ఉండేది.

ఇంటరు చదువుకునే రోజుల్లో నేను పెదనాన్న ఇంట్లో ఉన్నాను. ఆయన డ్రాయింగు మాస్టరు. ఆదివారం వస్తే ఊరంతా సినిమాకు పోయేది, మేమిద్దరం సమాధులకు పోయేవాళ్లం. నవాబుల కాలం గుమ్మటం కింద నన్ను నిలబెట్టి, గోడ మీద చెక్కిన తీగ ఎక్కడ మొదలై ఎక్కడ ముగిసిందో వేలితో చూపించమనేవాడు. నేను ప్రతిసారీ నడిమధ్యలో దారి తప్పేదాన్ని, ఆయన పకపకా నవ్వేవాడు. ఒకసారి బస్సెక్కించి కడపకు కూడా తీసుకుపోయాడు, అక్కడి దొరల సమాధులు చూపించడానికి. చెయ్యి పెడితే చుర్రుమనే నల్లటి బండల మీద పలుచని కాగితం పరిచి, బొగ్గుతో మెల్లగా రుద్దుతుంటే అక్షరాలూ, పూలూ, ఓడ లంగరూ ఒక్కొక్కటే తెల్లగా తేలివచ్చాయి. "ఈ దొర మీద పరిచిందీ కడప బండే, మన వంటింట్లో నువ్వు కూచోని తినేదీ కడప బండే" అన్నాడు తాపీగా. ఆ తర్వాత చాలా రోజులు నేను వంటింట్లో పీట వేసుకోకుండా కూర్చోలేదు.

అసలు గొడవ ఇంటికి వచ్చాకే. శ్మశానానికి పోయివచ్చినవాళ్లు తల మీద నీళ్లు పోసుకోకుండా గడప తొక్కకూడదని పెద్దమ్మ పట్టు. కుళాయి రోజు విడిచి రోజు వచ్చే ఊళ్లో, ఎండాకాలం, వారం వారం రెండు తలస్నానాలంటే మాటలా? ఎప్పుడో పోయిన దొరలతో మనకేం మైల అని పెదనాన్న వాదన. చివరికి పెద్దమ్మే ఒక తీర్పు చెప్పింది. గుమ్మటం కింద ఉన్నవాళ్లకు పైన కప్పు ఉంది కాబట్టి అది ఇల్లు, పోయివస్తే కాళ్లు కడుక్కుంటే చాలు. దొరల తోటలో పైన ఆకాశమే కాబట్టి నిండా మునగాల్సిందే. అందుకని నీళ్లు కరువైన వారాల్లో మేము గుమ్మటాలే చూసేవాళ్లం.

మా మేనత్త, అంటే పెదనాన్న చెల్లెలు, అదే వీధి చివర ఉండేది. నేను పుట్టిన ఏడే ఆమెకు ఒక మగబిడ్డ పుట్టి, పేరు పెట్టకముందే పోయాడు. తర్వాత ఆమెకు పిల్లలు కలగలేదు. మా వైపు అంత చిన్నబిడ్డలను కాల్చరు. మగవాళ్లు గుడ్డలో చుట్టి ఎత్తుకుపోయి పూడ్చివస్తారు. ఆడవాళ్లు వెంట పోరు, గుర్తుగా రాయి కూడా పెట్టరు. ఆ బిడ్డ మాట మా ఇళ్లలో ఎవరూ ఎత్తేవాళ్లు కాదు. అత్త మాత్రం నాకు తలదువ్వి జడ వేసేటప్పుడు ఒక్కోసారి చెయ్యి ఆపి ఊరికే కూర్చునేది.

రెక్కల తల్లి ఉన్నది ఒక తెల్లవాళ్ల పసిబిడ్డ సమాధి మీద. ఆరు నెలల పాప అని రాతి మీద ఉంది. బొమ్మను చెక్కినవాడెవడో గానీ రెక్కలో ఈక ఈకకూ నడుమ గీత తీశాడు. ఆ పక్క పేటల ఆడవాళ్లు ఆమెను దేవతే అనుకుని, బిడ్డలకు జ్వరమొస్తే పసుపు పూసి, పాలు పోసి మొక్కేవాళ్లు. పెదనాన్నకు ఆ ముఖం బొమ్మ గీయాలని మహా కోరిక. పసుపు పేరుకుని ముక్కూ పెదవులూ ఒకటైపోయాయని బాధపడేవాడు. కుంకుడు రసం, కొబ్బరి పీచు తీసుకుపోయి గంటసేపు కడిగివచ్చేవాడు. మళ్లీ ఆదివారానికి ముఖం పచ్చగా ఉండేది. "ఎవురో గానీ నాతో పంతం పట్టినారే" అని గొణుక్కుంటూ మళ్లీ పీచు తీసేవాడు.

ఒకసారి బడికి సెలవొచ్చి, మంగళవారం పోయాం. బొమ్మ ముందు మా అత్త కూర్చుని ఉంది. పక్కన పసుపు గిన్నె.

"నువ్వా మే, ఇంతకాలం పూస్తాండేది?" అన్నాడు పెదనాన్న, పీచు చేతిలో అట్లాగే పట్టుకుని.

అత్త లేవలేదు. "నువ్వా అన్నా, కడుగుతాండేది?" అంది. మళ్లీ తనే అంది: "ఆ తెల్లామె బిడ్డకు రాయుండాది, రాయి మీద పేరుండాది. నా బిడ్డకు ఏముండాది? నువ్వే కదా ఎత్తుకపోయింది. యాడ పెట్టినావు వాన్ని?"

పెదనాన్న హంద్రీ ఏటి వైపు చెయ్యి ఎత్తాడు. ఒక తుమ్మచెట్టు ఉండేదనీ, దాని కిందేననీ, తర్వాత ఏరు ఒడ్డును కోసుకుపోయిందనీ ఏదో చెప్పబోయాడు. చెయ్యి గాలిలో అటూ ఇటూ తిరిగి కిందికి వచ్చేసింది. ఊళ్లో ఏ సమాధి ఎవరిదో చెప్పగలిగిన మనిషి, తన చేత్తో పెట్టిన ఆ ఒక్కటి ఎక్కడుందో చూపించలేకపోయాడు. ఆయన ఏడవడం నేను అదే మొదటిసారి చూడటం. అత్త కొంగుతో ఆయన ముఖం తుడిచింది, కొంగుకున్న పసుపు ఆయన చెంపకు అంటింది.

ఆ రోజు ముగ్గురం ఇంటికి వచ్చాం. పెద్దమ్మ ఆయన చెంప చూసింది, అత్త కళ్లు చూసింది. అత్తకు తనే వేడినీళ్లు తోడి తల మీద పోసింది. పై ఆదివారం పెదనాన్న పీచు తేలేదు. అత్త పసుపు పూస్తుంటే గిన్నె పట్టుకుని నిలబడ్డాడు. తర్వాత కూర్చుని బొమ్మ గీశాడు, ముక్కూ పెదవులూ కలిసిపోయిన ఆ ముఖాన్నే. ఎప్పుడూ పెన్సిలూ బొగ్గూ తప్ప రంగులు ముట్టనివాడు, గిన్నెలో మిగిలిన పసుపు వేలితో తీసి కాగితం మీద అద్దాడు.

పెదనాన్న పోయి చాలా ఏళ్లయింది. ఫోటో వచ్చిన వారానికే నేను కర్నూలు పోయి, అత్తను ఆటోలో ఎక్కించుకుని తోటకు తీసుకుపోయాను. ఇప్పుడామె నడవాలంటే నా భుజం కావాలి. గేటు దగ్గరి కాపలా అతను ఆమె చేతిలో పసుపు పొట్లం చూసి, "అవ్వా, రాయికి ఏమీ పూయకూడదు" అన్నాడు. "పూయనులేప్పా, చూసిపోతాం" అంది అత్త. కడిగిన ముఖం ముందు చాలాసేపు నిలబడింది. "చక్కని మొగమే. మీ పెదనాయన చూసింటే శానా సంతోషపడుండు" అంది. తర్వాత పొట్లం విప్పి, చిటికెడు పసుపు తీసి నా చెంపలకు రాసింది. చెవి పక్కన నెరిసిన నా వెంట్రుకలను వేలితో వెనక్కి దువ్వింది.

"వానికి గూడా ఈపాటికి ఇట్లే నెరిసిండేది" అంది.

రాయి ఉన్న ఆ పాప ఆరు నెలల దగ్గరే ఆగిపోయింది. రాయి లేని మా అత్త కొడుకు మాత్రం ఇన్నేళ్లూ నాతో పాటే పెరుగుతూ వచ్చాడు.