చెవి పక్కన మోగిన పళ్లెం

మా మరిదిని నేను క్షమించలేదు. ఇది చదివినవాళ్లు నాకు బుద్ధి చెప్పనక్కర్లేదు.

నా మనుమరాలికి నాలుగేళ్లు నిండినా మాటలు రాలేదు. కుక్కర్ కూసినా, రేకుల మీద వాన పడినా చెవులు మూసుకుని మూలకు పోయేది. పిలిస్తే మాత్రం పలికేది కాదు. ఆత్మకూరు నుంచి బస్సులో వనపర్తి దవాఖానకు తీసుకుపోతే, చెవులు బాగానే ఉన్నాయి, ఇది ఆటిజం అని చెప్పి డాక్టరమ్మ ఒక కాగితం ఇచ్చింది. నేను యాభై దాటాక అక్షరాలు నేర్చుకున్నదాన్ని. వేలు పెట్టుకుని రెండు రోజులు చదివాను. మనం ఒకరి మాట వింటుంటే ఫ్యాను చప్పుడును, బయటి ఆటోను మన మెదడు పక్కకు నెట్టేస్తుందట. ఇలాంటి పిల్లల్లో చాలామందికి ఆ నెట్టడం కుదరదట. అన్నీ ఒక్కసారే మీద పడతాయట. విన్న మాటను పోల్చుకోవడానికి కూడా కాస్త ఎక్కువ సేపు పడుతుందట. అందుకే ఒకసారి పిలిచి ఆగమన్నారు.

ఆగాను. కుక్కర్ అటక ఎక్కించాం. పిలిచాక నోరు మూసుకుని కూర్చునేదాన్ని. కొన్ని నెలలకు, అన్నం కలుపుతుంటే, నా ముఖం చూడకుండానే "అవ్వ" అంది. ఆ ఒక్క మాటే. రోజూ అన్నం దగ్గర అనేది.

అప్పుడు ఖిల్లా ఘణపూర్ నుంచి మరిది వచ్చాడు. కాగితం చూపిస్తే నవ్వాడు.

"నిన్న మొన్న అక్షరాలు నేర్సినవు వదినె, అప్పుడే డాక్టర్ చదువు గూడ అయిపాయెనా? పిల్లది ఉత్త భయం. అలవాటు జేస్తె పోతది."

నేను నీళ్లకు నల్లా దగ్గరికి పోయిన సందు చూసి, స్టీలు పళ్లెం తీసుకుని గరిటెతో పిల్ల చెవి పక్కన కొట్టాడు. నేను ఉరికి వచ్చేసరికి ఇంకా కొడుతూనే ఉన్నాడు. పిల్ల తల గోడకు బాదుకుంటోంది.

ఆ రోజు నుంచి "అవ్వ" లేదు.

రెండేళ్లకు మరిదికి చెవులు మందగించాయి. కొడుకు కొత్తగా చెవి మిషన్ పెట్టించాడు. చుట్టాల పెళ్లిలో భోజనాల బంతికి నా పక్కనే కూర్చుని ఒకటే మొర. ఫ్యాన్లు, గిన్నెలు, దూరంగా ఎవరివో ముచ్చట్లు, అన్నీ కలిసి చెవిలో పడుతున్నాయట, ఎదుటివాడి మాటే అందడం లేదట.

నాకు జాలి కలగలేదు. వడ్డించేవాడి చేతిలోంచి గరిటె తీసుకుని, మరిది చెవి పక్కన ఖాళీ పళ్లెం మీద మూడుసార్లు కొట్టాను. ఎగిరిపడి, మిషన్ పీకి జేబులో వేసుకున్నాడు.

"పిచ్చి లేసిందా వదినె నీకు?"

నేను జవాబు చెప్పాను కానీ అతనికి వినిపించలేదు. మిషన్ మళ్లీ పెట్టుకోమని సైగ చేశాను. పెట్టుకునేదాకా ఆగాను. ఆగడం నాకు బాగా అలవాటైంది కదా. అప్పుడు నిదానంగా మళ్లీ చెప్పాను.

"అలవాటు జేస్తున్న. నువ్వంటె మిషన్ తీసి జేబుల ఏస్కున్నవు. పిల్ల ఏం తీసి యాడ పెట్టాలె?"

అన్నం సగంలో వదిలేసి లేచిపోయాడు. బంతిలో వాళ్లంతా నన్నే తప్పుపట్టారు. పట్టనీ.

పిల్లకు ఇప్పుడు ఏడో ఏడు. రోజూ అన్నం కలిపి, ఒకసారి పిలిచి, ఆగుతున్నాను. మేమంతా ప్లాస్టిక్ పళ్లేల్లోనే తింటున్నాం. అతను కొట్టిన స్టీలు పళ్లెం మాత్రం దాచిపెట్టాను. ఎప్పుడన్నా మా ఇంటికి భోజనానికి వస్తే, దాంట్లోనే వడ్డిస్తాను.