బామ్మర్ది ఉంటేనే పడుత

నడిచే బస్సులో కడ్డీ పట్టుకోకుండా నిలబడడం ఒక విద్య అని నాటకంలో చేరేదాకా నాకు తెలియదు. అంతకుముందు అది నా డ్యూటీ. వనపర్తి–గద్వాల రూటులో కండక్టర్‌ని. గుంతల్లో బస్సు ఎగిరినప్పుడు మోకాళ్లు ఎప్పుడు వంచాలో నా పాదాలకే తెలుసు. ఒకరోజు బస్సెక్కిన పెద్దమనిషి ఒకాయన నేను నిలబడ్డ తీరునే చూస్తూ, "అమ్మా, ఆదివారం మా నాటకం కాడికి వస్తవా?" అన్నాడు. టికెట్ తీసుకోకుండా కబుర్లు చెప్పేవాళ్లను చాలామందినే చూశాను. ముందు టికెట్ తీసుకొమ్మన్నాను. మారుమాట్లాడకుండా తీసుకున్నాడు. అందుకే వెళ్లాను.

ఆ పెద్దమనిషే మా సారు, వనపర్తిలో బడిపిల్లలతో డ్రిల్లు చేయించి రిటైరయిన మనిషి. ఆయన నాటకాల్లో మాటలుండవు, చెప్పాల్సిందంతా ఒంటితోనే చెప్పాలి. ఆదివారం సాయంత్రాలు మూతపడ్డ ఒక రైస్‌మిల్లు షెడ్డులో చేరతాం. గద్వాల నుంచి మగ్గం నేసే అతను వస్తాడు. గుంట మగ్గం తొక్కి తొక్కి అతని కాళ్లు నా చేతులకంటే చురుకైనవి. గట్టు నుంచి, విత్తనాల కోసం పెంచే సీడు పత్తి చేలల్లో పువ్వులు గిల్లే అమ్మాయి వస్తుంది. ఆమె ఒక్క వేలు కదిపితే అందరి చూపూ అటే పోతుంది. అమ్రాబాద్ అవతల అడవిలో పెంట అని పిలిచే ఒక చెంచు గూడెం నుంచి తేనె తీసే అతను వస్తాడు, రెండు బస్సులు మారి. మా ట్రూపు బాగుంటుంది. మా గొప్ప మేమే చెప్పుకుంటామా అంటే, చెప్పుకుంటాం. చెప్పుకోకపోతే ఎవరికి తెలుస్తుంది?

ఈసారి నాటకం మా పాలమూరు కూలీలది. పట్నంలో కట్టే బిల్డింగు మీద నుంచి ఒక కూలీ వెనక్కి పడిపోతాడు. నిజంలో కింద ఎవరూ ఉండరు. మా నాటకంలో మేమంతా ఉంటాం, చేతులు చాపి పట్టుకుంటాం. ఆ వేషం తేనె తీసే అతనికిచ్చాడు సారు. కొండచరియకు తాడుతో వేలాడే మనిషికి మేం పేర్చిన బల్లల ఎత్తు ఒక లెక్కా అనుకున్నాం.

అతను ఎక్కాడు. మాకు వీపు పెట్టి నిలబడ్డాడు. పడలేదు, దిగొచ్చేశాడు. మళ్లీ ఎక్కాడు, మళ్లీ దిగాడు.

"భయమైతుందా?" అన్నాడు సారు.

"భయం కాదు సారూ. ఎన్క ఎవరున్నరు?"

"అందరం ఉన్నం గద."

"అందరున్నరు. బామ్మర్ది లేడు."

మేం నవ్వాం. అతను నవ్వలేదు, నిదానంగా విప్పి చెప్పాడు. తేనె కోసం చరియ దిగేటప్పుడు పైన తాడు దగ్గర కాపలా ఉండేది వాళ్లలో భార్య తోడబుట్టినవాడే. సొంత అన్నదమ్ములను కూడా నమ్మరు. అక్క బొట్టు పోతుందన్న భయం బామ్మర్దికే ఉంటుంది, వాడైతే చచ్చినా తాడు వదలడు. పెళ్లయినప్పటి నుంచి అతని ఒంటికి అదే అలవాటు. వెనక బామ్మర్ది లేకుంటే కాళ్లు బల్లను వదలవు.

మగ్గం నేసే అతను ముందుకొచ్చాడు. "నన్నే బామ్మర్ది అనుకోరాదె."

"నీ అక్కను నాకిచ్చినవా?"

పాపం, అతనికి అక్కలే లేరు. అసలు బామ్మర్దేమో హైదరాబాదులో వాచ్‌మన్, సెలవు దొరకదట. నాగర్‌కర్నూల్‌లో మా ఆట దగ్గరపడింది. "వచ్చే ఆదివారం గూడ గిట్లనే అయితే ఇంకొకరికిస్త. నీకు వేరే వేషం చూస్తలే" అన్నాడు సారు. వేరే వేషమేదీ లేదని షెడ్డులో అందరికీ తెలుసు. అతను తువ్వాలు భుజాన వేసుకుని బయటికి నడిచాడు. నాకు ఒళ్లు మండింది. ఊరికే నిలబడితేనే చూడబుద్ధయ్యే మనిషిని ఎట్లా పోగొట్టుకుంటాం? బస్టాండు దాకా వెంటపడ్డాను.

"నీ భార్య ఏమంటది?"

"దానికేం తెల్వదక్కా. నాటకమంటే నవ్వుతది."

"నవ్వనీ. వచ్చే వారం తోల్కరా."

తీసుకొచ్చాడు. సన్నటి మనిషి, గోడవారన గోనెసంచి మీద కూర్చుని నిజంగానే కొంచెం నవ్వింది. అతను బల్లలెక్కి మాకు వీపు పెట్టాడు. ఎప్పటిలాగే ఆగిపోయాడు.

"గట్ల నిలబడ్డవేంది?" అంది ఆమె.

"మీ తమ్ముడు లేడు గద."

ఆమె లేచింది. కొంగు నడుముకు దోపి, మగ్గం నేసే అతన్ని పక్కకు జరిపి, వరుస నడుమ నిలబడింది. "మా తమ్ముడు దేనికి కాస్తడు? నా బొట్టు కోసమే గద. బొట్టు పెట్టుకున్నది నేను. నేనున్న, పడు."

పడ్డాడు. వెనక్కి తిరిగి చూడకుండా, నిలువునా. మా చేతుల్లోకి వచ్చాక కూడా కళ్లు తెరవలేదు. ఆమె అతని నుదుటి మీద చిన్నగా ఒకటేసి "లే" అంది. వేషం అతనికే మిగిలిందని నేను ఊపిరి పీల్చుకునేలోపు ఆమె బల్లలెక్కుతోంది.

"నీకెవరు కాస్తరు?" అన్నాడు అతను. వెక్కిరింపు కాదు, నిజంగానే అడిగాడు. వాళ్లలో ఆడవాళ్లు చరియ దిగరు, కాబట్టి ఆమె తాడు ఎవరు కాయాలో ఏ పెద్దా చెప్పిపెట్టలేదు.

"నేనున్న. పడు చెల్లె" అన్నాను. ఆ మాట అనడానికి నాకు ఎవరి అనుమతీ అక్కర్లేదనిపించింది. అతను పరుగున వచ్చి నా పక్కన చేతులు చాపాడు.

దండెం మీది తడిచీర జారినట్టు జారింది. ఒంట్లో ఒక్క ఎముకా ఎదురు తిరగలేదు. పత్తి అమ్మాయి ఏడ్చేసింది. నాకూ ఏడుపొచ్చింది గానీ చేతులు ఖాళీ లేవు. ముందు నోరు తెరిచింది తేనె తీసే అతనే.

"సారూ, ఆ వేషం దీనికియ్యి. ఇటుకలు మోసేటోళ్లల్ల ఆడోళ్లు లేరా?"

"మరి నువ్వు?"

"నేను కాస్త."

నాగర్‌కర్నూల్‌లో ఆట మొదలయ్యేముందు, ఎట్లా సెలవు దొరికిందో, ఆమె తమ్ముడు దిగాడు. వాచ్‌మన్ ప్యాంటు కూడా మార్చుకోలేదు. బల్లలు చూశాడు, అక్కను చూశాడు, చొక్కా చేతులు మడుస్తూ నేరుగా మా వరుసలోకి వచ్చాడు.

"జరుగు బావా. నేను కాస్త."

"కొండకాడ నువ్వు కాయి" అన్నాడు అతను, చోటు వదలకుండా. "ఈడ నేనున్న. కూసోని చూడు."

తమ్ముడు నా వైపు చూశాడు. బస్సులో సీటు కోసం కొట్లాడేవాళ్లను చూసినట్టే చూశాను. వెళ్లి ముందు వరుసలో కూర్చున్నాడు.

ఆమె పడింది. పట్టుకున్నాం. కిందికి దించి జనం వైపు తిరిగితే అందరూ చప్పట్లు కొడుతున్నారు, తమ్ముడొక్కడు తప్ప. కూర్చున్నచోటే ముందుకు వంగి, రెండు చేతులూ ఇంకా చాపే ఉంచాడు.